మెడలో కట్టిన చీటీ

దుర్గ్ జిల్లా నుంచి విడిపోయి 2012లో ఏర్పడిన బాలోద్ జిల్లాలో ఖప్రీ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్ళో ఒక పాత రాతి గుడి ఉంది. దాని పేరు కుకుర్‌దేవ్ మందిరం. ఛత్తీస్‌గఢీలో కుకుర్ అంటే కుక్క. అక్కడ కుక్క ప్రతిమకు పూజ చేస్తారు. దాని వెనక ఉన్న కథను ఇక్కడి పెద్దలు ఇలా చెబుతారు.

ఒక బంజారా దగ్గర నమ్మకమైన కుక్క ఉండేది. కరువు రోజుల్లో అతను షావుకారు దగ్గర అప్పు చేశాడు. తీర్చే దారి లేక కుక్కనే తాకట్టు పెట్టాడు. కొన్నాళ్ళకు షావుకారు ఇంట్లో దొంగలు పడ్డారు. దోచిన సొమ్మును వాళ్ళు చెరువు దగ్గర దాచడం కుక్క చూసింది. తెల్లవారాక షావుకారును అక్కడికి తీసుకెళ్ళి చూపించింది. షావుకారు సంతోషించి, అప్పు తీరిపోయిందని ఒక చీటీ రాసి, కుక్క మెడలో కట్టి, దాని యజమాని దగ్గరికి పంపేశాడు. దూరం నుంచి కుక్క రావడం చూసిన బంజారా, అది తప్పించుకుని వచ్చేసిందనుకున్నాడు. తన మాట పోయిందన్న కోపంతో కర్ర తీసి కొట్టాడు. కుక్క చచ్చిపోయింది. చీటీ అతని కంటపడింది ఆ తర్వాతే. ఆ బాధతో దానికి సమాధి కట్టించాడట.

చిన్నప్పుడు మనమందరం విన్న ముంగిస, పాము కథ కూడా ఇలాంటిదే. తొందరపడి కొట్టినవాడు తర్వాత ఏడ్చాడు. ఈ కథ మాకు నిరుడు ఎండాకాలంలో పనికొచ్చింది. ఎలాగో చెప్పడానికే ఈ పాఠం రాస్తున్నాం.

మా ఎదురింటి మోతీ

మేము జాముల్‌లో ఉంటాం. ఒక పక్క సిమెంటు కర్మాగారం, కొంచెం దూరంలో భిలాయి ఉక్కు కర్మాగారం. ఉక్కు కొలిమిలో మిగిలే స్లాగ్‌ను సిమెంటులో కలుపుతారు కాబట్టి మా రోడ్డు మీద పగలూ రాత్రీ లారీలు తిరుగుతూనే ఉంటాయి. మా ఇళ్ళలో ఒకరి నాన్న సి.ఐ.ఎస్.ఎఫ్.లో, ఒకరి నాన్న రైల్వేలో, ఒకరి అమ్మ బ్యాంకులో పనిచేస్తారు. మూడు నాలుగేళ్ళకోసారి పెట్టెలు సర్దుకోవడం మాకు అలవాటే. మీకూ అలవాటే అయి ఉంటుంది.

ఏప్రిల్ నెలలో మా ఎదుటి క్వార్టర్‌లోకి కొత్తగా ఒక అంకుల్ వచ్చారు. ఒక్కరే ఉంటారు. ఇనుప గేటుకి ఒక కుక్కను కట్టేసి ఉంచేవారు. గోధుమరంగు నాటుకుక్క. పేరు మోతీ అని తర్వాత తెలిసింది. గొలుసు రెండు మూరలు కూడా ఉండదు. మధ్యాహ్నం గేటు మీద పూర్తిగా ఎండ పడేది. నీళ్ళ గిన్నె చాలాసార్లు బోర్లాపడి ఉండేది. రాత్రయితే కుక్క ఏడుపు. ఒక రాత్రి అంకుల్ బయటికి వచ్చి దాన్ని కర్రతో కొట్టడం మాలో ఇద్దరం కిటికీలోంచి చూశాం.

మరునాడు సాయంత్రం ఆటలు మానేసి మెట్ల మీద కూర్చున్నాం. ఒకరు, అంకుల్ డ్యూటీకి వెళ్ళినప్పుడు గొలుసు విప్పేద్దాం అన్నారు. ఇంకొకరు, వీడియో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడదాం, అందరూ తిడితే బుద్ధి వస్తుంది అన్నారు. మరొకరు, ఆ ఇంటి మీద రాళ్ళు వేద్దాం అన్నారు. రాళ్ళ మాటకే ఎక్కువమంది చప్పట్లు కొట్టారు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మాలో ఒకరి అమ్మమ్మ అక్కడే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఒరే, కుక్కని కొట్టాడని మీరు మనిషిని కొడతారేటి? ముందు సూడండిరా, తర్వాత అడగండి" అంది. అప్పుడే మాకు బడిలో విన్న కుకుర్‌దేవ్ కథ గుర్తొచ్చింది. అంకుల్ మెడలో కూడా మనం చదవని చీటీ ఏదైనా ఉందేమో అనిపించింది.

చూడటం ఎలా?

చూడటం అంటే గోడెక్కి తొంగిచూడటమని అనుకోకండి. మన వాకిట్లోంచి, మన కిటికీలోంచి కనబడేది మాత్రమే చూడాలి. దానికి మా సైన్సు టీచరుగారు ఒక పద్ధతి చెప్పారు. 1965లో బ్రిటన్‌లో ప్రభుత్వం నియమించిన ఒక కమిటీ, పెంపుడు పశువులకు కనీసం ఏమేం ఉండాలో చెప్పింది. ఆ ఆలోచనే తర్వాత 'ఐదు స్వేచ్ఛలు' అనే పేరుతో ప్రపంచమంతా పాకింది. మన సుప్రీంకోర్టు కూడా 2014 మేలో జల్లికట్టు కేసు తీర్పులో వీటిని పేర్కొంది. మేము ఆ ఐదింటినీ ఐదు ప్రశ్నలుగా మార్చుకున్నాం.

1. దానికి తిండీ నీళ్ళూ అందుతున్నాయా?
2. ఎండకూ వానకూ తలదాచుకునే చోటు ఉందా?
3. గాయం, జబ్బు ఉందా? ఉంటే మందు వేయిస్తున్నారా?
4. నడవడానికి, పరుగెత్తడానికి, వాసన చూడటానికి, తోటివాళ్ళతో ఉండటానికి వీలుందా?
5. మనిషి దగ్గరికి వస్తే తోక ఊపుతోందా, లేక ఒదిగిపోయి వణుకుతోందా?

ఒక పాత నోటుపుస్తకంలో నాలుగు రోజులు రాశాం. తేదీ, గంట, కనబడింది మాత్రమే రాయాలని నియమం పెట్టుకున్నాం. 'అంకుల్ చెడ్డవారు' అని ఒకరు రాస్తే కొట్టేశాం, ఎందుకంటే అది చూసిన సంగతి కాదు, అనుకున్న సంగతి.

నాలుగు రోజులయ్యాక పుస్తకం చదివితే మేము అనుకోనివి కొన్ని కనబడ్డాయి. అంకుల్ రోజూ తెల్లవారి డ్యూటీ నుంచి రాగానే తను తినకముందే కుక్కకు అన్నం పెడుతున్నారు. నీళ్ళూ పోస్తున్నారు. గొలుసు పొట్టిగా ఉండటంవల్ల మోతీ తిరిగినప్పుడల్లా గొలుసు తగిలి గిన్నె బోర్లాపడుతోంది. పదింటి నుంచి నాలుగింటి దాకా నీడ లేదు. ఆ ఆరు గంటలూ అంకుల్ నిద్రలో ఉంటారు. మెడపట్టీ కింద ఈగలు ముసురుతున్నాయి. మొదటి ప్రశ్నకు సగం మార్కులు, మిగతా వాటికి చాలా తక్కువ.

ఎండ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మనలాగ కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున మాత్రం కొద్దిగా పడుతుంది. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఒళ్ళు చల్లబరచుకునే దారి. అందుకే నీడా నీళ్ళూ లేకపోతే వడదెబ్బ తొందరగా తగులుతుంది. చొంగ చిక్కగా కారడం, చిగుళ్ళు ఎర్రబడటం, తూలడం దాని గుర్తులు. అప్పుడు నీడకు చేర్చి, ఒంటిమీద మామూలు నీళ్ళు పోస్తూ వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్ళాలి. మంచునీళ్ళు పోయకూడదు. నేల ఎంత కాలుతోందో తెలుసుకోవాలంటే మన అరచేతి వెనకవైపు నేలకు ఆనించి ఐదు సెకన్లు ఉంచాలి. మనం ఉంచలేకపోతే అదీ నడవలేదు.

అడగటం ఎలా?

పిల్లలం ఒక్కరమే వెళ్ళలేదు. మాలో ఒకరి అమ్మ, అమ్మమ్మ వెంట వచ్చారు. అంకుల్‌కి సెలవు ఉన్న రోజు సాయంత్రం, ఆయన నిద్రలేచాక వెళ్ళాం. అమ్మ గిన్నెలో పులిహోర పట్టుకొచ్చింది. "కొత్తగా వచ్చారు కదా, ఒక్కరే వండుకుంటున్నారట" అని హిందీలో మాట కలిపింది. కుక్క సంగతి మొదటే ఎత్తలేదు. కాసేపయ్యాక, "మోతీ రాత్రులు చాలా ఏడుస్తోంది, ఒంట్లో బాగాలేదేమో" అంది. 'మీరు కొడుతున్నారు' అని ఉంటే ఆయన తలుపు వేసుకునేవారేమో.

అయినా అంకుల్ ముఖం మాడిపోయింది. "అది అసలు నా కుక్కే కాదు" అన్నారు.

తర్వాత మెల్లగా చెప్పారు. ఆ క్వార్టర్‌లో అంతకుముందు ఉన్న కుటుంబానికి బదిలీ అయింది. వాళ్ళు సామాను లారీకి ఎక్కించుకుని, మోతీని గేటు దగ్గరే వదిలేసి వెళ్ళిపోయారు. ఈయన వచ్చేసరికి అది బక్కచిక్కి గేటుకు అంటిపెట్టుకుని ఉంది. వదిలేస్తే లారీల వెంట పరుగెత్తుతోంది. అందుకని కట్టేశారు. తెల్లవార్లూ డ్యూటీ చేసి వస్తే పగలు నిద్ర ఉండదు. సెలవు రోజు రాత్రయినా పడుకుందామంటే అది ఏడుస్తుంది. "ఆ రాత్రి పక్కింటివాళ్ళు వచ్చి నన్ను నానామాటలూ అన్నారు. ఆ కోపం దాని మీద చూపించాను. కొట్టాక నాకూ నిద్రపట్టలేదు" అన్నారు.

ఆ పక్కింటివాళ్ళు ఎవరో కాదు. మాలో ఒకరి నాన్నే. ఇంటికొచ్చాక ఆ సంగతి చెప్పుకుని చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. రాళ్ళు వేద్దామన్న మేము ఏ ఇంటి మీద వేయాలి?

చీటీ చదివాక అంకుల్ మీద కోపం తగ్గింది. కానీ మోతీకి తగిలిన దెబ్బ తగ్గలేదు. కారణం తెలుసుకున్నంత మాత్రాన కొట్టడం మంచిదైపోదు. అమ్మమ్మ ఆయనతో ఆ మాట సూటిగానే అంది: "నీ కష్టం నాకు తెలిసింది నాయనా. దాని కష్టం చెప్పుకోడానికి దానికి నోరు లేదు కదా." అమ్మ ఆ మాటను హిందీలో చెప్పింది. అంకుల్ తల ఊపారు.

ఆ వారంలో ఈ పనులు జరిగాయి. పొట్టి గొలుసు తీసేసి, గేటు నుంచి వేపచెట్టు దాకా పొడుగాటి తాడు కట్టాం. ఖాళీ సిమెంటు సంచులు కడిగి, కుట్టి పైన నీడ కట్టాం. గిన్నెకు బదులు బరువైన సిమెంటు తొట్టి పెట్టాం, అది బోర్లాపడదు. మాలో ఒకరి నాన్న, అంకుల్ కలిసి మోతీని మోటారు సైకిల్ మీద ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మెడపట్టీ ఒరుసుకుని పుండుపడి, పురుగులు పట్టాయట. డాక్టరుగారు శుభ్రం చేసి, మందు వేసి, రేబిస్ టీకా వేశారు. సాయంత్రం ఆరింటికి పెద్దవాళ్ళెవరో ఒకరు తోడుండగా మేము వంతులవారీగా దాన్ని నడిపిస్తున్నాం. ఏడుపు పూర్తిగా పోలేదు కానీ చాలా తగ్గింది. రాత్రి కట్టకుండా వదలమంటే మాత్రం అంకుల్ ఒప్పుకోలేదు. లారీల రోడ్డు పక్కనే ఉంది కాబట్టి మేమూ పట్టుబట్టలేదు.

చట్టం ఏమంటుంది?

'నా కుక్క నా ఇష్టం' అనే మాట మీరూ విని ఉంటారు. మన దేశంలో ఆ మాట చెల్లదు. దాని వెనక ఒక పెద్ద ప్రయత్నం ఉంది. భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. జంతువులను హింసించకుండా కొత్త చట్టం కావాలని ఆమె సభలో సొంతంగా ఒక బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇవ్వడంతో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. అలా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ బోర్డుకు ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఆ చట్టంలో 3వ సెక్షన్, జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే దాని బాగోగులు చూడటం వారి విధి అంటుంది. 11వ సెక్షన్ ఏవేవి హింస కిందికి వస్తాయో చెబుతుంది. కొట్టడం, తన్నడం సరే. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను నడిపించకపోవడం, చాలినంత తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం కూడా హింసే. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా వదిలేసి పోవడం కూడా అదే సెక్షన్‌లో ఉంది. అంటే మోతీ విషయంలో మొదటి తప్పు ఎదురింటి అంకుల్‌ది కాదు.

ఈ చట్టంలో జరిమానా మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయలు. 1960లో రాసిన అంకె అది. ఇప్పుడు దానికి భయపడేవాళ్ళు తక్కువే. కానీ జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా సంగతి వేరు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. మన రాజ్యాంగంలోని 51-ఎ అధికరణ, ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అంటుంది. సాంఘిక శాస్త్రం పుస్తకంలో దాన్ని మనం బట్టీపట్టే ఉంటాం.

మాటలు సరిపోనప్పుడు

మా ఎదురింటి అంకుల్ మంచివారు కాబట్టి మా పని తేలికైంది. అందరూ అలా ఉండరు. చీటీ చదివాక కూడా కర్ర దించనివాళ్ళు ఉంటారు. సరదా కోసం హింసించేవాళ్ళూ ఉంటారు. అప్పుడు, 'ఆయనకేదో కష్టముందిలే' అని ఊరుకుంటే అది దయ కాదు, తప్పుకోవడం. అలాంటప్పుడు ఈ వరుసలో వెళ్ళాలని మాకు పెద్దలు చెప్పారు.

మొదట అమ్మానాన్నలకు చెప్పాలి. నోటుపుస్తకం చూపించాలి. తర్వాత పెద్దవాళ్ళు కాలనీ సంఘానికి, అవసరమైతే క్వార్టర్లు చూసే ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పాలి. గాయం ఉంటే పశువైద్యుని సాయం తీసుకోవాలి. దుర్గ్ దగ్గర అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది కాబట్టి మనకు తెలిసినవాళ్ళు దొరుకుతారు. ప్రాణం మీదికి వచ్చే హింస కళ్ళెదుట జరుగుతుంటే పెద్దవాళ్ళ చేత 112కు ఫోన్ చేయించాలి. జిల్లాకొక జంతుహింస నివారణ సంఘం ఉండాలని 2001 నియమాలు చెబుతున్నాయి. దానికీ ఫిర్యాదు చేయవచ్చు. వీడియో తీస్తే ఫిర్యాదుతో పాటు ఇవ్వడానికి దాచాలి. వాట్సాప్ గ్రూపులో పెడితే మనిషి పరువు పోతుంది, కుక్క గొలుసు మాత్రం అలాగే ఉంటుంది.

చేయకూడనివి కూడా గుర్తుంచుకోండి. ఇతరుల ఇంట్లోకి దూరకూడదు. గొలుసు విప్పేయకూడదు. భయపడిన కుక్క ఎవరినైనా కరవవచ్చు, లారీ కింద పడవచ్చు. దెబ్బతిన్న కుక్కను ఒంటరిగా ముట్టుకోకూడదు. కరిచినా, గోరు గీరుకున్నా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. కుకుర్‌దేవ్ గుడికి వెళ్తే కుక్కకాటు నయమవుతుందని ఇక్కడ కొందరు నమ్ముతారు. దండం పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, టీకా మాత్రం మానకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

బదిలీ వచ్చినప్పుడు

ఇప్పుడు మన సంగతి. మోతీని గేటు దగ్గర వదిలేసి వెళ్ళినవాళ్ళు ఎవరో దూరపువాళ్ళు కారు. మనలాగే బదిలీల మీద తిరిగే కుటుంబం. ఆ ఇంట్లో మన ఈడు పిల్లలు ఉండే ఉంటారు. దానికి మోతీ అని పేరు పెట్టింది వాళ్ళే కావచ్చు. లారీ కదిలినప్పుడు వాళ్ళూ ఏడ్చి ఉంటారు. వాళ్ళ మెడలోనూ మనం చదవని చీటీ ఉండవచ్చు. అయినా ఆ కుక్క ఎన్నాళ్ళో ఆ గేటు వదల్లేదు.

అందుకని, కుక్కపిల్ల కావాలని ఇంట్లో పేచీ పెట్టేముందే ఒక ప్రశ్న వేసుకోవాలి: బదిలీ వస్తే దీన్ని వెంట తీసుకెళ్తామా? రైల్లో తీసుకెళ్ళే వీలుంది. పార్శిల్ ఆఫీసులో బుక్ చేస్తే గార్డు బోగీలో పంపుతారు. ఏసీ మొదటి తరగతిలో కూపే మొత్తం మనకే దొరికితే మనతోపాటే ఉంచుకోవచ్చు. ఏ విధంగానూ తీసుకెళ్ళలేకపోతే, వెళ్ళే ముందే దానికి ఇల్లు వెతికి, చేతిలో పెట్టి అప్పగించాలి. దాని పేరు, తినేది, భయపడేది, టీకాల తేదీలు ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. మనం వెళ్ళిపోయాక దాని తరఫున మాట్లాడేది ఆ చీటీ ఒక్కటే.

ఈ పాఠం అచ్చయ్యేనాటికి మాలో ఇద్దరం జాముల్‌లో ఉండం. ఒకరు విశాఖపట్నం, ఒకరు రూర్కెలా వెళ్తున్నాం. ఎదురింటి అంకుల్‌కి కూడా వచ్చే ఏడు బదిలీ ఉండవచ్చట. "మోతీని తీసుకెళ్తారా అంకుల్?" అని అడిగాం. ఆయన వెంటనే అవునని చెప్పలేదు. మరునాడు డ్యూటీ నుంచి వస్తూ, "పార్శిల్ ఆఫీసు ఎన్నింటిదాకా ఉంటుంది?" అని మా నాన్నను అడిగారు.

అభ్యాసం

అ) ఆలోచించి చెప్పండి

1. బంజారా చేసిన తప్పు, రాళ్ళు వేద్దామన్న పిల్లల తప్పు ఏ విధంగా ఒకటి?
2. 'కారణం తెలుసుకోవడం', 'తప్పును ఒప్పుకోవడం' – వీటి మధ్య తేడా మీ మాటల్లో రాయండి.
3. అమ్మ మొదటే కుక్క సంగతి ఎందుకు ఎత్తలేదు? మీరైతే ఎలా మొదలుపెడతారు? రెండు వాక్యాల సంభాషణ రాయండి.

ఆ) చేసి చూడండి

మీ వీధిలోని ఒక కుక్కను మూడు రోజులు దూరం నుంచి గమనించి, ఐదు ప్రశ్నలకు జవాబులు రాయండి. చూసింది ఒక పక్క, అనుకున్నది ఒక పక్క రాయండి.

ఇ) పదాలు – అర్థాలు

తాకట్టు: అప్పుకు హామీగా ఒక వస్తువును ఉంచడం
మూర: మోచేయి నుంచి వేలి చివరిదాకా ఉండే కొలత
ఒదిగిపోవడం: భయంతో ముడుచుకుపోవడం
ఒరుసుకోవడం: రాపిడివల్ల చర్మం చెదిరిపోవడం
పేచీ: మొండిపట్టు, తగువు